సీటు మీద బట్ట

వాక్యభాగము: లూకా 10:30-37, 19:29-36



పాడేరు ఏజెన్సీ కొండల్లో పరిచర్య చేసే ఒక తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ జీపు తీసుకున్నాడు. "అన్నయ్యా, సీట్లు బాగున్నాయి. పాడవకుండా ఏ కవర్లు వేయించమంటారు?" అని ఫోన్‌లో అడిగాడు. నేను ముందుగా అడిగింది ఒక్కటే: ఆ సీట్లలో ఎవరు కూర్చుంటారు తమ్ముడూ?

కొండల మీద తిరిగే బండిలోకి ఎవరు ఎక్కుతారో మనకు తెలుసు. మోకాళ్ల దాకా ఎర్రమట్టితో పొలం నుంచి వచ్చిన రైతు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతి చేసుకునే పసివాడు. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన నిండు గర్భిణి. సంతకు వెళ్లే పసుపు బస్తా కూడా ఒక సీటు ఆక్రమిస్తుంది.

రెగ్జిన్ కవరు చూడ్డానికి బాగుంటుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. కానీ ఎండలో నిలిపిన బండిలో అది కాలుతుంది, చెమటకు వీపుకు అంటుకుంటుంది. కుట్ల సందుల్లోంచి నీళ్లు దిగితే లోపలి ఫోమ్ త్వరగా ఆరదు, వాసన పట్టుకుంటుంది. టవల్ గుడ్డ కవరు చల్లగా, మెత్తగా ఉంటుంది, ఉతుక్కోవచ్చు. కానీ తడిని ఆపదు, కూర్చున్నప్పుడల్లా జారుతుంది. మందపాటి కాన్వాస్ రాపిడికి ఓర్చుకుంటుంది. వాటర్‌ప్రూఫ్ పూత ఉన్నది తీసుకుంటే తడిని చాలావరకు ఆపుతుంది.

అందుకే పూత ఉన్న కాన్వాస్, మట్టి రంగుది, పట్టీలు విప్పి సులువుగా తీసి కడుక్కోగలిగేది చూడమన్నాను. వెనుక సీట్లకు రెండు జతలుంటే ఒకటి ఆరేలోపు ఇంకోటి వేసుకోవచ్చు. సీటు బెల్టు బకిల్స్ కవరు కింద పడిపోకూడదు. సీటు పక్కలోనే ఎయిర్‌బ్యాగ్ ఉండే బండి అయితే, అది తెరుచుకోవడానికి చోటు వదిలి కుట్టిన కవరే వేయించాలి.

ప్రియులారా, యేసయ్య యెరూషలేముకు వచ్చిన రోజున శిష్యులు గాడిదపిల్ల మీద పరిచినది ఏమిటి? తాము తొడుక్కున్న పైబట్టలు. వాటి మీద ఆయనను కూర్చోబెట్టారు. బట్టలు నలుగుతాయేమోనని ఎవరూ వెనక్కి లాక్కోలేదు. దారిలో ఉన్నవారైతే తమ బట్టలను నేల మీదే పరిచారు.

సమరయుడిని చూడండి. కొనఊపిరితో పడి ఉన్నవాని గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. తన సొంత వాహనం మీద ఎక్కించాడు. ఆ నెత్తురూ నూనే జంతువు వీపుకు అంటకుండా ఉంటాయా? ఆ మరకల గురించి ప్రభువు ఒక్క మాటా చెప్పలేదు. ఆ మనిషి సత్రం చేరాడని చెప్పాడు.

మనం వేయించే కవరు రెండు విధాలుగా పనిచేయవచ్చు. ఖరీదైనది వేయించి, దాని మీద మళ్లీ ప్లాస్టిక్ పరిచి, "కాళ్లు దులుపుకో, జాగ్రత్తగా కూర్చో" అంటుంటే, వాన తడిలో నిలబడిన ఆ తల్లి ఒకసారి సీటు వైపు, ఒకసారి తన చీర వైపు చూసుకుంటుంది. "ఫర్లేదయ్యా, నడిచి పోతాను" అంటుంది. ఆదివారం మనం ప్రేమ గురించి ఎంత బాగా బోధించినా, ఆమెకు గుర్తుండేది ఆ సీటే. అదే కవరు కడిగితే పోయే రకమైతే, "ఎక్కమ్మా, ఏం కాదు" అని మనస్ఫూర్తిగా అనగలం. ఆ మాట అననిచ్చేదే మంచి కవరు.

మీ బండి, మీ ఇంటి మంచం, మందిరంలో ముందు వరస కుర్చీ, వీటిలో ఎవరు కూర్చోవడానికి జంకుతున్నారో ఈ వారం గమనించండి.

ప్రార్థన: ప్రభువా, నీవు మాకిచ్చిన వస్తువులను శుభ్రంగా ఉంచుకునే శ్రద్ధ దయచేయుము. ఆ శ్రద్ధ నీ బిడ్డలను దూరం పెట్టకుండా మా హృదయాలను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.