దవడల పొందిక

ముఖసౌందర్యమును వర్ణించుటలో మనవారు కన్నులకును, ముక్కునకును, చెక్కిళ్లకును ఇచ్చిన గౌరవము దవడల కియ్యలేదు. అద్దము జూచుకొనునపుడు సైతము దవడ యొకటి కలదను సంగతి మనకు దోచదు. పైవరుస పండ్లు క్రిందివరుసను ముందుభాగమున గొంచెము గప్పుచు, దవడపండ్లు పెట్టెయు మూతయువలె సరిగా గూర్చుండినంతకాలము దానితో మనకు బనియే లేదు. ఆ పొందిక తప్పినపుడు మాత్రము ఇరుగుపొరుగుల కన్నులన్నియు దానిమీదనే పడును. అందును ఆ దవడ యాడుపిల్లది యైనచో నిక జెప్పనక్కఱలేదు.

మా పుట్టింట నిట్టి దవడ మూడుతరములుగా గలదు. మా తాతగారికి క్రిందిదవడ ముందునకు వచ్చియుండుటచే నోరు మూసినపుడు క్రిందిపండ్లే పైపండ్లను గప్పెడివి. దానిని జూచి యూరివారు "పట్టుదలగల మనుష్యుని గడ్డము" అని మెచ్చుకొనెడివారట. మా కడగొట్టు తమ్మునికి వచ్చినపుడు పట్టించుకొన్నవారే లేరు. మా అక్కగారి కుమార్తెకు వచ్చినపుడు మాత్రమే యది లోపమయ్యెను. రెండు సంబంధములు పెండ్లిచూపులతోనే మరలిపోయినవి. గ్రహణమొర్రితోబాటు దీనిని గూడ గ్రహణమునకే యంటగట్టి, కడుపుతో నున్నపుడు మా అక్క యేమి చేసెనో యని యారా తీసిన యమ్మలక్కలును గలరు. తుదకు మా మేనత్తగారు, "పరాయివారికి నచ్చకున్న నేమి? మేనమామ యింటనే యున్నాడు గదా! ఆ గడ్డమునకు ఈ గడ్డమే సరి" అని తేల్చివేసిరి. అందఱును నవ్విరి. పిల్ల నవ్వలేదు.

ఆ మాట నా చెవిని బడినది మొదలు నేనీ విషయమును గూర్చి వైద్యులు వ్రాసినవి చదువసాగితిని. 1899వ సంవత్సరమున ఎడ్వర్డు ఏంగిల్ అను అమెరికాదేశపు దంతవైద్యుడు దవడల పొందికను మూడు తరగతులుగా విభజించెను. దవడపండ్లు తమతమ తావుల గలిసికొనుట మొదటిది. ఇందు సైతము ముందుపండ్లు వంకరగా నుండవచ్చును. క్రిందిదవడ వెనుకకు జిక్కియుండుట రెండవది. మనము ఎత్తుపండ్లనువారిలో బెక్కండ్రు దీనికి జేరినవారే. క్రిందిది ముందునకు వచ్చుట మూడవది. అదియే మా యింటిది. నానాదేశముల లెక్కలను గూర్చి 2018లో బ్రకటించినదానినిబట్టి, పాలపండ్లు పోయి స్థిరదంతములు వచ్చినవారిలో మొదటి తరగతివారు నూటికి సుమారు 75 మంది, రెండవ తరగతివారు సుమారు 20 మంది, మూడవ తరగతివారు సుమారు 6 మంది.

అయితే యీ లెక్క యన్నిజాతులయందు నొకటి కాదు. మూడవ తరగతిని గూర్చియే 2012లో గూర్చిన లెక్కలలో చైనా, మలేషియా ప్రజలలో నూటికి దాదాపు 16 మంది, ఐరోపావారిలో దాదాపు 5గురు, భారతీయులలో నొక్కరికంటె నించుక హెచ్చు కనబడిరి. ఐరోపాజాతులవారిలో రెండవ తరగతియే యెక్కువ. వేర్వేరు వైద్యులు వేర్వేరు కొలతలతో గట్టిన లెక్కలగుటచే వీనిని కంసాలి త్రాసుతో దూచినట్లు నమ్మరాదు. అయినను వాని దారి స్పష్టముగనే యున్నది. మా పిల్ల చైనాలో బుట్టియుండినచో దన తరగతిలో నాఱుగురిలో నొకతెగా నుండెడిది. మనదేశమున బుట్టుటచే నూటి కొకతె యయ్యెను. పెండ్లివారు లోపమనినది యీ యరుదుతనమునే యని నాకు దోచుచున్నది.

ఇది యంతయు రక్తమువలన వచ్చునదేనా? కాదు. కొరుచ్చినీ యను అమెరికాశాస్త్రజ్ఞుడు చండీగఢ్ ప్రాంతమున బట్టణపు పిల్లలను, పల్లెపిల్లలను బరిశీలింపగా, ఒకే జాతివారైనను గట్టి తిండి నమలు పల్లెపిల్లల పలువరుసలే మేలుగా నున్నవి. ఆ ఫలితములు 1983లో వెలువడినవి. నమలుటలోని శ్రమచేత దవడయెముక పెరుగునని యాయన యభిప్రాయము. తల్లిపాలు త్రాగిన బిడ్డలలో బండ్ల పొందిక తప్పుట తక్కువ యని 2016లో మఱికొందఱు వైద్యులు చూపిరి. బొటనవ్రేలు చీకుట, నోటితో గాలి పీల్చుట, పాలపండ్లు ముందుగా నూడిపోవుట గూడ గారణములే. బిడ్డలకు మెత్తని బిస్కత్తులే పెట్టి మురియు తల్లులు దీని నించుక యోచింతురుగాక.

కాని మూడవ తరగతి దవడలో వంశము పాలు మిక్కిలి హెచ్చు. దీనికి జగత్ప్రసిద్ధులైనవారు ఐరోపాలోని హాబ్స్‌బర్గు రాజులు. స్పెయిను నేలిన నాల్గవ ఫిలిప్పు 1649లో దన తోడబుట్టిన చెల్లెలి కూతురగు మరియానాను బెండ్లాడెను. మన భాషలో జెప్పవలెనన్న మేనమామయే మగడు. వారి కుమారుడు రెండవ చార్లెసు. అతనికి నమలుటయే కష్టమయ్యెననియు, మాటలు సరిగా బలుకవనియు జరిత్రకారులు వ్రాసిరి. సంతానము లేక 1700లో నతడు మరణింపగా స్పెయినులో నావంశ మంతరించెను. 2019లో స్పెయినుదేశపు పండితు లావంశములోని 15 మందివగు 66 చిత్తరువులను 10 మంది శస్త్రవైద్యులచే బరీక్షింపజేసి, రక్తసంబంధము దగ్గఱయైనకొలది క్రిందిదవడ ముందునకు వచ్చుటయు హెచ్చెనని కనుగొనిరి.

ఇది రాజుల కథ, మన కెందుకని మా మేనత్తగారనిరి. 1955నాటి హిందూవివాహశాసనము మేనమామతో వివాహమును నిషిద్ధసంబంధములలో జేర్చియు, ఆచారముగలవారికి మినహాయింపు నిచ్చినది. కావున శాసనము మమ్మాపలేదు. ఆపినవాడు మా తమ్ముడే. చిత్తరువులలో నారాజుల గడ్డములను జూచి, తన గడ్డమును దడవుకొని, "అక్కా, దీనిని రెండువైపులనుండియు నొక బిడ్డ కీయజాలను. అదియునుగాక దానిని నేనెత్తుకొని పెంచితిని" అని లేచిపోయెను.

పిల్లను దంతవైద్యునికి జూపితిమి. ఆమెకు 23 ఏండ్లు, పెరుగుదల ముగిసినది. ఇపుడు సరిచేయవలెనన్న ముందు తీగెలు కట్టి పండ్లను సర్ది, పిమ్మట దవడయెముకను గోసి చక్కజేసి బిగింపవలెను. చిన్న పని కాదు. నమలుటకు బాధలేదు గనుక దొందర లేదనియు, నిర్ణయ మామెదే యనియు వైద్యుడు చెప్పెను. "పెండ్లివారికొఱకైతే వద్దు. నాకే కావలెననిపించిననాడు చేయించుకొందును" అని యామె యనినది.

మా అన్నగారి కూతురికి మాత్రము ఎనిమిదేండ్లే. దానికిని క్రిందిపండ్లు ముందునకు వచ్చుచున్నవి. ఈ ప్రాయమున బైదవడను ముందునకు లాగు సాధనమును ముఖమునకు దగిలించి చూడవచ్చునట. అది రాత్రియంతయు, పగలు గొంతసేపును బెట్టుకొనుచున్నది. యౌవనమున దవడ మరల బెరుగవచ్చును గావున ఫలిత మిపుడే చెప్పలేమని వైద్యుని మాట. ఆఱు నెలల కొకసారి కొలతలు తీయించుచున్నాము.