పూలలోయలో రాతి వాకిలి

వేల్సు వెళ్ళినవారంతా వై నది ఒడ్డున వున్న టింటర్న్ మఠం చూసి వస్తారు. నన్నడిగితే, కొండల నడుమ మారుమూలనున్న స్ట్రాటా ఫ్లోరిడా చూడమంటాను. ఈ పేరు లాటినుది. వెల్షులో అస్ట్రాడ్ ఫ్లిర్ అంటారు. అస్ట్రాడ్ అంటే లోయ, ఫ్లిర్ అక్కడి సెలయేటి పేరు. ఆ మాటకు పూలన్న అర్థమూ వుందిట.

మేము చేరేసరికి సన్నగా జల్లు పడుతున్నది. చుట్టూ పొలాల్లో గొర్రెలు మేస్తున్నాయి. చర్చికి పైకప్పు ఏనాడో పోయింది. చాలాచోట్ల గోడలు పునాదుల మట్టానికి వచ్చాయి. పడమటి వాకిలి మాత్రం ఠీవిగా నిలిచి వుంది. కమాను చుట్టూ ఒకదాని లోపల ఒకటిగా గుండ్రని రాతి కడ్డీలు. వాటిని పట్టీలతో బిగించినట్లు చెక్కి, పట్టీల కొసలు వుంగరాలు తిప్పారు. ఆ పనివాడెవరో రాతిని తాడనుకున్నాడు కాబోలు! లోపల నేలమీద పాతకాలపు పలకలున్నాయి. ఒకదానిమీద సోకైన మనిషి ఒకడు అద్దంలో ముఖం చూసుకుంటున్నాడు. సన్యాసుల మఠంలో వీడికేం పనో!

1164లో ఈ మఠానికి అంకురార్పణ చేసినవాడు నార్మను ప్రభువు. మరుసటి ఏడే ఆ సీమ వెల్షు రాజు రీస్ అప్ గ్రిఫిద్ వశమైంది. శత్రువు పెట్టిన మఠమని ఆయన పడగొట్టలేదు, తానే పోషకుడైనాడు. కొన్నేళ్ళకు కొద్దిదూరంలో ఇప్పటి చోట పెద్ద చర్చి లేచింది. తెల్ల అంగీల సిస్టర్షియన్ సన్యాసులు గొర్రెలు పెంచి, ఉన్ని అమ్మి, మఠాన్ని నడిపారు. రీస్ వంశీకులు కొందరు ఇక్కడే సమాధి అయినారు. 1238లో మహారాజు లువెలిన్ వెల్షు ప్రభువులను ఇక్కడికే రప్పించి, తన కొడుకు దావిద్‌కు విధేయులమని ప్రమాణం చేయించాడు.

తరువాతి రాజులకు ఆ దయ లేకపోయింది. 1401లో వెల్షు తిరుగుబాటును అణచవచ్చిన నాలుగవ హెన్రీ సేనలు చర్చిలో గుర్రాలను కట్టేశాయి. 1539లో ఎనిమిదవ హెన్రీ మఠాన్నే మూయించాడు.

పక్క శ్మశానంలో ఒక ముసలి యూ చెట్టుంది. 14వ శతాబ్దపు మహాకవి దావిద్ అప్ గ్విలిమ్ దానికింద నిద్రిస్తున్నాడని ప్రతీతి. టాలీ మఠంవారు మాత్రం, కాదు, మా దగ్గరేనంటారు! అదే శ్మశానంలో మరో వింత, 1756లో ఒకాయనకు తీసేసిన ఎడమకాలికి సమాధిరాయి. మా పిల్లలు అక్కడినుంచి ఒక పట్టాన కదలలేదు.

రాళ్ళు పోయినా, ఈ మఠంలో రాసిందని పండితులు భావించే తోలుకాగితాల పుస్తకం ఒకటి మిగిలింది. వెల్షు రాజులను ఆస్థానకవులు కీర్తించిన పద్యాలను సుమారు 1300 ప్రాంతంలో అందులో చేర్చడం మొదలుపెట్టారు. చేతులు మారి, కంటికి కనబడకుండా పోయి, చివరకు 1910లో హెండ్రెగాద్రెద్ అనే భవంతిలో, పాత బట్టల బీరువాలో దొరికింది. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్సులో వెల్షు మాట్లాడగలవారు నూటికి సుమారు 18 మంది. వారి తాతల పద్యాలున్న ఆ పుస్తకం ఇప్పుడు ఆబెరిస్త్విత్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా వుంది.