దుమ్ములో పలుగురాయి

పిల్లలూ! నేను ఎన్నో ఏళ్లు బడిలో సైన్సు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయినవాణ్ణి. అయినా నేను చెప్పిన పాఠమే నాకు సరిగా రాదని మా మనవరాలి వల్ల తెలిసివచ్చింది. ఎలాగో చెబుతాను, వినండి.

మా అబ్బాయి కొత్తగా నల్ల కారు కొన్నాడు. రోజూ తెల్లవారగానే నేను పొడిగుడ్డతో దాని దుమ్ము తుడిచేవాణ్ణి. ఒకనాడు ఎండలో చూద్దును గదా, కారుమీద సాలెగూడులాగా సన్నని గీతలు! అంతకు ముందురోజే మనవరాలు ఆ దుమ్ములో వేలితో పువ్వు బొమ్మ వేసింది. "ఇదంతా నీ పనే!" అని గట్టిగా కేకలు వేశాను.

ఆ పిల్ల ఏమీ అనకుండా నన్ను మేడమెట్ల మీదికి తీసుకుపోయింది. "తాతయ్యా, పైకప్పు చూడు. నీ చెయ్యి అందినంత మేరా గీతలున్నాయి. అందని నడిమి భాగంలో ఒక్కటీ లేదు," అన్నది.

నాకు నోట మాట రాలేదు. 1812లో మోస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఖనిజాలను గట్టిదనాన్నిబట్టి వరుసగా పేర్చాడు. బలపపు రాతిలో ఉండే మెత్తని టాల్కు 1, వజ్రం 10. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది. పలుగురాయి 7, అది గాజునుకూడా గీస్తుంది. ఇసుకలో ఎక్కువ భాగం పలుగురాయి రేణువులే. దుమ్ములోనూ అవి ఉంటాయి. కారు రంగుమీది పూత ఒకరకం ప్లాస్టిక్కు, గాజుకన్న మెత్తన. ఈ పట్టికను నల్లబల్లమీద ఎన్నిసార్లు రాశానో! అటువంటివాణ్ణి, పొడిగుడ్డతో రోజూ ఆ రేణువులను కారుమీద రుద్దాను!

ఇప్పుడు ఆదివారాలు మేమిద్దరమే కారు కడుగుతాం. కారును నీడలో ఉంచి, రేకు చల్లబడనిస్తాం. ఎండలో అయితే నీళ్లు ఇట్టే ఆరిపోయి, వాటిలోని లవణాలు మచ్చలు కడతాయి. ముందు మగ్గుతో నీళ్లు ధారగా పోస్తే సగం దుమ్ము ముట్టుకోకుండానే జారిపోతుంది. తరువాత రెండు బకెట్లు కావాలి. ఒకదానిలో కార్లు కడిగే సబ్బునీరు, రెండోదానిలో మంచినీరు. మెత్తని గుడ్డను సబ్బునీటిలో ముంచి, పైనుంచి కిందికి తేలికగా తుడవాలి. కింది భాగానికే ఇసుక ఎక్కువ అంటుకుంటుంది గనక అది చివర. గుడ్డను మళ్లీ సబ్బులో ముంచేముందు మంచినీటిలో జాడించాలి. ఇసుక అక్కడే దిగిపోతుంది. చక్రాలకు వేరే గుడ్డ. కింద పడ్డ గుడ్డను ఉతకనిదే వాడకూడదు. చివరకు మంచినీరు పోసి, మెత్తని తువాలుతో అద్దాలి, రుద్దకూడదు.

పాత గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆనాడే మనవరాలితో, "తప్పు నాదేనమ్మా! చూడకుండా నిన్ను అన్నాను," అని చెప్పాను. మీరుకూడా ఒకరిని అనేముందు, ఒక్కసారి మేడమెట్లెక్కి చూడండి.