గొయ్యి మింగిన కార్లు!

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం... బౌలింగ్‌ గ్రీన్‌ పట్టణం. 2014 ఫిబ్రవరి 12. ఇంకా తెల్లారలేదు. నేషనల్‌ కార్వెట్‌ మ్యూజియంలో అలారం మోగింది. దొంగలు పడ్డారేమోనని చూస్తే, లోపల మనుషులెవరూ లేరు. నేలే లేదు! ‘స్కైడోమ్‌’ అనే గుండ్రటి హాల్లో పెద్ద గొయ్యి. ప్రదర్శనకు ఉంచిన ఎనిమిది కార్లు అందులో పడిపోయాయి. ఆ వేళప్పుడు సందర్శకులు లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంతకీ నేల ఎందుకు కుంగింది? ఆ చుట్టుపక్కలంతా సున్నపురాయి. ఇంకిన వాన నీరు ఏళ్ల తరబడి రాయిని కొంచెం కొంచెంగా కరిగించి లోపల గుహలు చేస్తుంది. మన బొర్రా, బెలుం గుహలు ఏర్పడిందీ అలాగే. 680 కిలోమీటర్లకు పైగా పొడవుతో, తెలిసినంతలో ప్రపంచంలోనే అతి పొడవైన మామత్‌ గుహ ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది. మ్యూజియం కింద కూడా అలాంటి గుహే ఉందని పైకప్పు కూలేదాకా ఎవరూ గుర్తించలేదు.

కార్వెట్‌ అంటే షెవర్లే వారి స్పోర్ట్స్‌ కారు. 1953లో ఫ్లింట్‌ నగరంలో మొదలైంది. ఆ ఏడాది చేసినవి 300... అన్నీ తెల్లవే! 1981 నుంచి ఈ కార్లు బౌలింగ్‌ గ్రీన్‌లో తయారవుతున్నాయి. ఆ కార్ఖానాకు కూతవేటు దూరంలో 1994లో మ్యూజియం వెలిసింది. అందుకే గోతిలో పడింది ఆ ఊరివాళ్లకు ఉత్త కార్లు కావు, సొంత చేతుల కష్టం. వాటిలో 1992లో ఈ ఊళ్లోనే తయారైన పది లక్షలవ కార్వెట్‌ కూడా ఉంది.

క్రేన్లతో ఒక్కో కారునూ పైకి తీశారు. బాగుచేయడమే అసలు పరీక్ష. కార్వెట్‌ ఒళ్లు ఇనుప రేకు కాదు, ఫైబర్‌గ్లాస్‌. సొట్ట పడితే సుత్తితో సరిచేద్దామంటే కుదరదు... పగులుతుంది. పైగా 1962 నాటి కారులాంటి వాటిలో ప్యానెళ్లను అంచుకు అంచు చేర్చి, వెనకవైపు ఫైబర్‌గ్లాస్‌ పట్టీ పెట్టి జిగురుతో అతికించేస్తారు. పైన రంగు పడ్డాక అతుకు కనిపించదు. దెబ్బతిన్న ప్యానెల్‌ తీయాలంటే ముందు రంగు గీకి ఆ గీతను వెతకాలి. వేడిగాలితో జిగురును మెత్తబరచి, పలచటి ఉలిని అంగుళం అంగుళం లోపలికి దూర్చాలి. తొందరపడితే పక్కనున్న మంచి ప్యానెలూ పోతుంది. రాపిడికి లేచే గాజుపొడి ఒంటిమీద పడితే ఒకటే దురద. ముక్కుకు మాస్కు లేకపోతే ఊపిరితిత్తులకూ చేటే.

పది లక్షలవ కారును మిచిగన్‌లోని జనరల్‌ మోటార్స్‌ సాంకేతిక కేంద్రానికి తీసుకెళ్లారు. విప్పుతుంటే ఓ సంగతి తెలిసింది. లోపలి భాగాలన్నిటి మీదా సంతకాలే! 1992లో దాన్ని తయారుచేసిన కార్మికులు తమ పేర్లు రాసుకున్నారు. కొత్త భాగాలు వేసేస్తే పని సులువే. కానీ ఆ పేర్లు పోతాయి. అందుకే సంతకం ఉన్నవాటిని వీలైనంతవరకూ బాగుచేసి మళ్లీ బిగించారు. బొత్తిగా పనికిరాని దాని మీది సంతకాలను స్కాన్‌ చేసి, పారదర్శకమైన స్టిక్కరుగా ముద్రించి కొత్త దానికి అతికించారు. 2015 సెప్టెంబరులో ఆ తెల్లకారు మళ్లీ మ్యూజియం చేరింది.

మొత్తం ఎనిమిదిలో బాగుపడింది మూడే. 2009 నాటి నీలిరంగు ‘బ్లూ డెవిల్‌’, పది లక్షలవది, 2018లో సిద్ధమైన 1962 నల్లకారు. మిగతా ఐదింటినీ నుజ్జయిన రూపంలోనే ఉంచేశారు. బాగుచేయాలంటే దాదాపు ప్రతి భాగమూ మార్చాల్సిందే. అప్పుడు మిగిలేది పాత కారు కాదు, దాని పేరు మాత్రమే!

గొయ్యిని పూడ్చి గచ్చు చేశారు. అది ఎంతమేర ఉండేదో తెలిసేలా నేలమీద గీత గీశారు. సందర్శకులు ఆ గీత దగ్గర ఆగుతారు. తళతళలాడే కార్లను చూసి ముచ్చటపడే పిల్లలు సైతం ఎక్కువసేపు నిలబడేది మాత్రం... ఆ నలిగిన కార్ల ముందే!