నీలి గుత్తుల మీద మోజు

మే నెల వచ్చిందంటే మిన్నెసోటాలో సూపర్ మార్కెట్ల ముందు హైడ్రేంజియా కుండీలు బారులు తీరతాయి. ఊటీలో చూసిన నీలి గుత్తులు గుర్తొచ్చి మనవాళ్ళు ఆగలేరు. కొనడం, పెరట్లో నాటడం క్షణాల మీద అయిపోతాయి. మరుసటేడు ఆకులే ఆకులు. "బలం చాల్లేదేమో వదినా" అని ఎవరో అంటారు. ఎరువు పడుతుంది. నత్రజని ఎక్కువై ఆకు ఇంకా ఏపుగా లేస్తుంది, పువ్వు మాత్రం ఉండదు.

అసలు సంగతి ఎరువులో లేదు. పెద్దాకుల నీలిరకం వచ్చే ఏటి మొగ్గల్ని ఈ ఏడు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పాత కొమ్మల మీద కట్టుకుంటుంది. సగం మంది పెరడు శుభ్రం చేస్తూ అక్టోబరులో వాటిని కత్తిరించి పారేస్తారు. మిగిలినవాటి పని మైనస్ 30 సెల్సియస్ చలి పడుతుంది. మంచు కింద వేరు బతుకుతుంది కాబట్టి వసంతంలో పిలకలు వస్తాయి, వాటికి మొగ్గ ఉండదు. అనుమానముంటే మేలో కొమ్మ బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది, గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టే.

పట్టుదల ఉన్నవాళ్ళు నవంబరులో పొద చుట్టూ తీగవల కట్టి, ఎండిన ఓక్ ఆకులు నింపుతారు. మేపుల్ ఆకులు వద్దు, తడిసి అట్టకడతాయి. ఏప్రిల్ ఎండకు మురిసి ఆ దుప్పటి ఒక్కసారిగా లాగేయకూడదు. మే మధ్య దాకా రాత్రి మంచుకు భయమే.

1998లో సెయింట్ పాల్ దగ్గరి బెయిలీ నర్సరీలో ఉద్యానశాస్త్రవేత్త మైకేల్ డర్ కంటపడిన పెద్దాకుల మొక్కే 2004లో 'ఎండ్‌లెస్ సమ్మర్' పేరుతో అమ్మకానికొచ్చింది. కొత్త కొమ్మకూ పూస్తుంది, నిజమే. కానీ చలికి పాత కొమ్మలు పోయిన ఏడు ఆలస్యంగా, అరకొరగా పూస్తుంది. పేరంత ఘనంగా లేదని నా అభిప్రాయం.

చలిదేశానికి అనాబెల్, లైమ్‌లైట్ అనే హైడ్రేంజియా రకాలు చాలు. కొత్త కొమ్మకే పూస్తాయి గనక వసంతారంభంలో నిర్భయంగా కత్తిరించుకోవచ్చు. నీలం మాత్రం రాదు. నీలమన్నది ఆమ్లనేలలోని అల్యూమినియం పెద్దాకుల రకానికిచ్చే రంగు. ఈ తెల్లపూల కింద ఏం పోసినా నీలమవ్వవు.

ఈసారి కుండీ కొనేముందు గుత్తిని కాదు, చీటీ చూడండి. దాని మీద చలిని తట్టుకునే జోన్ 4 అనో, అంతకు తక్కువ అంకెయో, కొత్త కొమ్మకు పూస్తుందన్న మాటో లేకపోతే అక్కడే వదిలేసి రండి.