మందుల కవరు బోర్లిస్తే

ఖమ్మంలో ఒక యూరాలజిస్టు దగ్గరికి కొత్తగా వచ్చే పెద్దవాళ్లకు పేరు రాసుకునేటప్పుడే కాంపౌండరు ఒక మాట చెబుతాడు. వచ్చేటప్పుడు చీటీలు కాదు, మందులే తెచ్చుకోవాలి. బీపీవి, షుగరువి, మోకాళ్లవి, జలుబుకు షాపులో అడిగి కొన్నవి, కంట్లో వేసుకునే చుక్కలు, అన్నీ. లోపలికొచ్చి కూర్చున్నాక డాక్టరు మొదట మూత్రం సంగతి అడగరు. "ఆ కవరు ఇలా బోర్లించండమ్మా" అంటారు. సగానికి కత్తిరించిన షీట్లు, పేరున్న భాగం చిరిగిపోయిన షీట్లు, రెండు కంపెనీల పేర్లతో ఉన్న ఒకే మందు టేబుల్ మీద పడతాయి. చాలామంది విషయంలో కథ సగం అక్కడే తెలిసిపోతుందని ఆయన అంటారు.

వచ్చేవాళ్ల బాధ దాదాపు ఒకటే. వస్తోందనిపిస్తే ఇక ఆగదు, బాత్రూం గడియ తీసేలోపే బట్టలు తడుస్తాయి. పగలు పది పన్నెండుసార్లు వెళ్లాలి, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి. పెళ్లికి వెళ్తే ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకుంటారు. ఆడవాళ్లయితే ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. చెప్పినా, తోడొచ్చిన కొడుకు బయటికి వెళ్లాకే చెబుతారు.

మూత్రాశయం నిండకముందే దాని గోడలోని కండరం బిగుసుకోవడం వల్ల వచ్చే అవస్థ ఇది. ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారు. ఆ కండరాన్ని బిగించమని నరం పంపే కబురు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. 1975లో అమెరికాలో అనుమతి పొందిన ఆక్సీబ్యుటినిన్ మొదలుకొని టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్ దాకా అన్నీ ఈ కబురు కండరానికి చేరకుండా అడ్డుపడే మందులే. చిక్కేమిటంటే, ఆ రసాయనం ఒక్క మూత్రాశయంలోనే పనిచేయదు. నోట్లో లాలాజలం ఊరడానికి, పేగు కదలడానికి, దగ్గరి అక్షరాలు కంటికి ఆనడానికి, చెమట పట్టడానికి, చివరికి జ్ఞాపకం నిలవడానికి కూడా అదే కావాలి. ఉమ్మెత్తకాయ తిన్నవాడికి నోరు ఎండిపోయి, చూపు మసకబారి, మతి తప్పడం మన పల్లెల్లో ఎరిగినదే. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపొలమైన్ అడ్డుకునేదీ ఈ ఎసిటైల్‌కోలిన్‌నే. బ్లాడర్ మాత్రలు దానికంటే ఎంతో మెత్తనివి, ఎంచి తయారు చేసినవి. వంశం మాత్రం అదే.

సత్తుపల్లి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మను కూతురు తీసుకొచ్చింది. మూత్రం సంగతి పర్వాలేదట, కానీ రెండు నెలలుగా అమ్మ మనిషి మారిపోయిందట. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది, సాయంత్రమైతే చనిపోయిన భర్త భోజనానికి రాలేదేమని అడుగుతోంది. మతిమరుపు జబ్బు మొదలైందని ఇంట్లో అందరూ ఖాయం చేసుకున్నారు. కవరు బోర్లిస్తే రోజుకు మూడుసార్లు వేసే ఆక్సీబ్యుటినిన్ కనబడింది. షుగరు వల్ల అరికాళ్ల మంటలకు వేరే డాక్టరు రాసిన అమిట్రిప్టిలిన్ ఉంది. వీటికి తోడు జలుబుకు షాపులో కొన్న మాత్రల షీటు దాదాపు ఖాళీగా ఉంది. అందులో ఉండేది క్లోర్‌ఫెనిరమైన్. పడుకోబోయే ముందు వేసుకుంటే హాయిగా నిద్ర పడుతోందని జలుబు తగ్గినా ఆవిడ మానలేదు. మూడూ ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడేవే. మూడు చోట్ల నుంచి వచ్చాయి కాబట్టి ఎవరూ కలిపి లెక్క చూడలేదు.

డాక్టరు ఆక్సీబ్యుటినిన్, జలుబు మాత్ర ఆపించారు. అమిట్రిప్టిలిన్‌ను ఆ రాసిన డాక్టరుతోనే మాట్లాడి నెమ్మదిగా తగ్గించారు. దాన్ని ఉన్నపళంగా మానకూడదు. నెల తిరిగేసరికి టీచరమ్మ కూతురి లెక్కల్లో తప్పులు పట్టే స్థితికి వచ్చింది. అందరికీ ఇలా తేరుకోవడం జరగదు. నిజంగానే మతిమరుపు మొదలైనవాళ్లూ ఉంటారు. అందుకే ముందు మందులు చూడాలి, ఆ తర్వాతే మెదడు స్కానింగు అన్నది ఆయన క్రమం.

ఈ మందులు ఏళ్ల తరబడి వాడితే డిమెన్షియా వస్తుందా అని పేపరు చదివి వచ్చేవాళ్లూ ఉన్నారు. 2019లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 58 వేల మందికి పైగా డిమెన్షియా రోగుల పాత మందుల చీటీలను, ఆ జబ్బు లేనివాళ్ల చీటీలతో పోల్చారు. బ్లాడర్ మందులు ఎక్కువ కాలం వాడినవాళ్లలో డిమెన్షియా ఎక్కువగా కనబడింది. అంతమాత్రాన ఆ మందులే దానికి కారణమని తేలినట్టు కాదు. మెదడు దెబ్బతినడం మొదలైనవాళ్లకు మూత్రం ఆగని బాధ ముందే వచ్చి ఉండవచ్చు. డాక్టరు ఈ లెక్కలతో ఎవరినీ బెదిరించరు. కానీ అరవై ఐదు దాటినవాళ్లకు ఆక్సీబ్యుటినిన్ మాత్రలు రాయడం మానుకున్నారు. మెదడులోకి సులువుగా చేరేది అదే.

దీనికి తిరగేసిన కథ ఇంకా విచిత్రం. నిజంగా మతిమరుపు ఉన్న ఒక పెద్దాయనకు న్యూరాలజిస్టు డోనెపెజిల్ రాశారు. అది మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే మందు. మూత్రాశయంలోనూ పెంచుతుంది. కొన్నాళ్లకు పంచె తడవడం మొదలైంది. ముసలితనమే అనుకుని ఇంకో క్లినిక్కులో బ్లాడర్ మాత్ర రాశారు. ఒక మందు పెంచుతుంటే ఇంకోటి అడ్డుకుంటోంది, కొడుకు మాత్రం రెండింటికీ నెలనెలా డబ్బు కడుతున్నాడు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని దానికి ఇంకో మందు రాయడం ఎక్కడైనా జరిగేదే. పెద్ద ఆసుపత్రులు కూడా దీనికి మినహాయింపు కాదు.

కొత్తగూడెం గనుల్లో పనిచేసి రిటైరైన ఒకాయన భార్య మాత్రలు వేసుకున్నాడు. ఆవిడకు సోలిఫెనాసిన్‌తో బాగా గుణం కనబడింది. ఆయనకూ రాత్రిళ్లు లేవడం ఉంది. ఒకటే జబ్బు కదా, మళ్లీ డాక్టరు ఫీజెందుకు అనుకున్నాడు. ఆయనది ఒకటే జబ్బు కాదు. ప్రొస్టేటు పెరిగి, మూత్రం పూర్తిగా బయటికి రాక, మిగిలిపోయింది పొంగి పొర్లుతోంది. అలాంటి చోట కండరాన్ని ఇంకా వదులు చేస్తే ఏమవుతుందో నాలుగో రాత్రి తెలిసింది. పొత్తికడుపు గట్టిపడింది, ఒక్క చుక్క రాలేదు, కూర్చోలేడు, పడుకోలేడు. తెల్లవారుజామున పైపు వేస్తే దాదాపు లీటరు వచ్చింది. "సారూ, ఆమెకు పడ్డది నాకెందుకు పడలేదు?" అని మంచం మీద నుంచే అడిగాడు. మాత్ర మొదలుపెట్టే ముందు మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కానింగులో చూడమనేది, ముఖ్యంగా మగవాళ్లలో, ఇందుకే. అయిదు నిమిషాల పని.

కంటికి సంబంధించిన ప్రశ్న కూడా మానకూడదు. నీటికాసుల్లో కోణం ఇరుకైన రకం ఉండి దానికి వైద్యం జరగకపోతే ఈ మందులు కంటి ఒత్తిడిని ఒక్కసారిగా పెంచగలవు. ఇక ఖమ్మం ఎండలు. మే నెలలో మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే మనిషికి చెమట పట్టనివ్వని మందు రాస్తే వడదెబ్బను పిలిచి కూర్చోబెట్టినట్టే. అలాంటివాళ్లకు డాక్టరు వేరే దారి చూస్తారు.

ఆ వేరే దారి చాలాసార్లు మిరాబెగ్రాన్. 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది ఎసిటైల్‌కోలిన్ జోలికి పోకుండా ఇంకో రకం గ్రాహకాల ద్వారా కండరాన్ని సడలిస్తుంది. నోరు ఎండటం, మలబద్ధకం బాగా తక్కువ. అలాగని నిరపాయం అనుకుని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం ఇప్పుడు మొదలైంది. దీనితో బీపీ పెరగవచ్చు. 180/110 దాటి అదుపులో లేనివాళ్లకు ఇవ్వకూడదు. గుండెకు, బీపీకి వాడే మెటోప్రొలాల్‌ను శరీరం ఖర్చు చేసే తీరును ఇది మందగింపజేస్తుంది, అప్పుడు పాత డోసే ఎక్కువ డోసైపోతుంది. ఒకావిడకు తల తిరిగి పడిపోతే నాడి చూశాకే ఈ జోడీ బయటపడింది. ఇంకో ఇంట్లో అత్తగారికి మింగడం కష్టమని కోడలు ఈ మాత్రను రోట్లో నూరి తేనెలో కలిపి పెడుతోంది. కోడలి శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు. కానీ రోజంతా కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చేసిన మాత్ర అది, నూరితే అంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

చిన్న ఇబ్బందులను చిన్నవిగా తీసిపారేయడం ఈ డాక్టరుకు నచ్చదు. నోరు ఎండుతోందని ఒక షుగరు పేషెంటు పగలంతా నిమ్మ బిళ్లలు చప్పరిస్తూ, గంటగంటకూ చెంబుడు నీళ్లు తాగుతూ ఉండేది. చక్కెర పెరిగింది, నీళ్లూ పెరిగాయి, బాత్రూంకు మునుపటికంటే ఎక్కువగా తిరిగింది. మందు పనిచేయలేదని మానేసింది. మలబద్ధకమూ అంతే, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కి ఆత్రం పెంచుతుంది.

అసలు మాత్ర దాకా వెళ్లాలా అన్నది తేల్చేది మూడు రోజుల డైరీ. ఎన్ని గంటలకు ఏం తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, కొలత గీతలున్న మగ్గులో ఎంత పోశారు. ఒక బస్సు కండక్టరు రాసుకొచ్చిన కాగితంలో డ్యూటీ అయ్యేదాకా నీళ్లు గ్లాసుడు కూడా లేవు, టీలు మాత్రం ఆరు. షుగరుకు వాడేది డాపాగ్లిఫ్లోజిన్. చక్కెరను మూత్రంలోకి పంపే ఆ మందు నీటినీ వెంట తీసుకుపోతుంది. టీలు రెండుకు తగ్గించి, నీళ్లు పగలంతా సర్ది, వచ్చిన ఆత్రాన్ని మొదట అయిదు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు ఆపుకోవడం నేర్పించారు. షుగరు మందు మార్చాలా వద్దా అన్నది ఫిజీషియన్‌కు వదిలేశారు.

ఆ కండక్టరమ్మకు సగం తగ్గింది. మిగతా సగానికి సోలిఫెనాసిన్ 5 మి.గ్రా. రాశారు. వారానికే గుణం లేదని ఫోన్ చేస్తే, నాలుగు వారాలు చూడాల్సిందేనని చెప్పారు. ఆరో వారం వచ్చినప్పుడు నోరు, విరేచనం, చూపు గురించి అడిగి 10కి పెంచకుండా అలాగే ఉంచారు. కొన్ని నెలలకు "జీవితాంతం వాడాలా సార్?" అని ఆమే అడిగింది. ఆపి చూద్దామన్నారు. వేసవి సెలవుల రద్దీ అయ్యేదాకా బాగానే ఉంది. వానలు పడ్డాక మళ్లీ మొదలైంది. ఇప్పుడు అదే 5 మి.గ్రా. వాడుతోంది. జలుబు చేస్తే షాపుకు వెళ్లేముందు క్లినిక్కుకు ఫోన్ చేస్తుంది.