నెలనెలా వచ్చే యూరిన్ మంట గురించి మా రూమ్ మాట
పోస్టు కొంచెం పొడుగే. అబ్బాయిలు కూడా చదవండి, అక్కచెల్లెళ్లు మీ ఇళ్లల్లోనూ ఉన్నారు.

మేము విశాఖలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న ఏజెన్సీ అమ్మాయిలం. రూమ్‌కి ఎనిమిది మందిమి. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకరికి ఇంటర్ నుంచీ నెలనెలా యూరిన్ మంట. ఎవరికని అడగొద్దు. ఆమె సరే అన్నాకే రాస్తున్నాం.

పీరియడ్స్‌కి రెండు రోజుల ముందే మొదలవుతుంది. గంటకి నాలుగు సార్లు బాత్రూమ్. పొత్తికడుపు నిండేకొద్దీ నొప్పి, పోసేటప్పుడు ఇంకా నొప్పి. పీరియడ్స్ అయ్యాక ఏమీ ఎరగనట్టు తగ్గిపోతాది. పాడేరు ఘాట్‌లో బస్సు ఆపమని అడగడం ఎంత కష్టమో మన అమ్మాయిలకి తెలుసు. ఇంటికెళ్లాలంటే ముందురోజు నుంచే నీళ్లు మానేసేది.

ఊళ్లో వేడి చేసిందన్నారు, బార్లీ నీళ్లు పట్టారు. ఆర్ఎంపీ ఇన్ఫెక్షన్ అని ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చాడు. తగ్గింది. తగ్గక ఏం చేస్తాది, పీరియడ్స్ అయిపోయాయి కదా! అలా ఏడు కోర్సులు మింగింది. సిటీలో ఒక ఆసుపత్రిలో అయితే "హాస్టల్ బాత్రూమ్‌లు అంతేగా" అని పరీక్ష చెయ్యకుండానే చీటీ రాసేశారు. తర్వాత రెండు సార్లు కల్చర్ టెస్ట్ చేయించాం, క్రిములు లేవనే వచ్చింది. ఈలోపు అటెండెన్స్ పడిపోయింది. చదువు మాన్పించి పెళ్లి చేసేద్దామని ఇంట్లో మాట లేచింది.

అప్పుడు గోడ క్యాలెండర్ తీసుకున్నాం. పీరియడ్స్ రోజులకి ఎర్ర పెన్ను, మంట రోజులకి నీలం పెన్ను. నాలుగు నెలలూ రెండు రంగులు పక్కపక్కనే పడ్డాయి. ఆ కాగితాలు పట్టుకుని గైనిక్ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆవిడ కాగితాలు తిప్పి చూసి స్కాన్ రాశారు, తర్వాత ఎమ్మారై. మూత్రాశయం మీద ఎండోమెట్రియోసిస్ అని తేలింది.

గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడమే ఈ జబ్బు. నెలనెలా హార్మోన్లకి అదీ ఉబ్బి వాస్తుంది. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఈ జబ్బు ఉంటుందని డబ్ల్యూహెచ్ఓ లెక్క. మూత్రాశయానికి పాకేది వాళ్లలో కొద్దిమందికే. కొందరికి ఆ రోజుల్లో యూరిన్‌లో రక్తం కూడా పడుతుంది. ఇది క్యాన్సర్ కాదు, అంటుకోదు, శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు. "పెళ్లయితే అదే తగ్గుతాది" అనే మాట వింటే మాకు ఒళ్లు మండిపోతాది. ఇంకొకటి, కిడ్నీ నుంచి వచ్చే గొట్టానికి పాకితే నొప్పి తెలియకుండానే కిడ్నీ పాడవ్వొచ్చు. స్కాన్‌లో కిడ్నీలు కూడా చూడమని అడగండి.

ఇప్పుడు ఆమె రోజూ హార్మోన్ మాత్ర వేసుకుంటోంది. అది గడ్డని తీసెయ్యదు, అణిచి ఉంచుతుంది. లొంగకపోతే ఆపరేషన్ చేసి ఆ ముక్క తీస్తారట. మాత్రలకి మొటిమలొచ్చాయి, చిరాకు ఎక్కువైంది. అయినా మొన్న సెమిస్టర్‌లో అన్ని పేపర్లూ రాసింది. వాళ్లమ్మకి తెలుగు అంతంతమాత్రం, గర్భసంచి తీసేస్తారని ఏడ్చింది. మాలో ఒకరు ఫోన్లో కువిలో గంటసేపు చెప్తే కుదుటపడింది. పెళ్లి మాట ప్రస్తుతానికి ఆగింది.

ఎవరికైనా ఇలా ఉంటే మెసేజ్ పెట్టండి, పేరు బయటికి రాదు. తేదీలు రాసిన కాగితం తెచ్చుకోండి. కువి, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్లం మా రూమ్‌లో ఉన్నాం. శనివారాలు ఓపీకి తోడొస్తాం.